గది ధ్వనికి లిఖితప్రతి: కన్వల్యూషన్ రివర్బ్ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గాయకుడి గొంతుతోపాటు ఆ గొంతు మోగిన గది కూడా శ్రోతకు వినిపిస్తుంది. ధ్వనిముద్రణ మొదలైన తర్వాత గొంతును, గదిని వేరుచేసి, మళ్లీ కోరిన విధంగా కలపడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే కృత్రిమ అనురణన చరిత్ర. ఆ చరిత్రలో మూడు దశలను గుర్తించవచ్చు. మొదటిది గదిని సొంతం చేసుకున్న దశ, రెండోది అనుకరించిన దశ, మూడోది నమోదు చేసిన దశ. మూడో దశకు చెందిన సాధనం కన్వల్యూషన్ రివర్బ్. దీనివల్ల గది ధ్వని తొలిసారిగా భద్రపరచదగిన ప్రతిగా మారింది. ఆ ప్రతి ఎంతవరకు ప్రామాణికమో, ఏది అందులోకి రాదో సబైన్ ప్రయోగాల నుంచి లా ఫెనీచె, హగియా సోఫియా ఉదాహరణల వరకు పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనురణనం, ప్రతిధ్వని, గది స్పందన, కన్వల్యూషన్, సబైన్, స్టాక్‌హామ్, లా ఫెనీచె, హగియా సోఫియా, ధ్వని వారసత్వం.

1. ఉపోద్ఘాతం:

గుడి మండపంలో పాడిన పాట, ఇంటి వసారాలో పాడిన పాట ఒకే గొంతువైనా ఒకేలా వినిపించవు. గొంతు నుంచి వెలువడిన శబ్దం నేరుగా చెవిని చేరుతుంది. దాని వెంటనే గోడలను, కప్పును, నేలను తాకి మళ్లిన శబ్దాలు వేల సంఖ్యలో, క్రమంగా క్షీణిస్తూ చేరుతాయి. ఇవి విడివిడిగా వినిపించనంత దట్టంగా వచ్చినప్పుడు ఏర్పడే ధ్వనిశేషమే అనురణనం. మళ్లిన శబ్దం మూలశబ్దం నుంచి స్పష్టంగా వేరుపడి వినిపిస్తే అది ప్రతిధ్వని. వాడుకలో ఈ రెండింటినీ ప్రతిధ్వని అనే అంటున్నా, శాస్త్రదృష్టితో చూస్తే వీటి మధ్య భేదం ముఖ్యమైనది.

అనురణన శబ్దం తెలుగు సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. అలంకారశాస్త్రంలో సంలక్ష్యక్రమవ్యంగ్యానికి అనురణనరూపవ్యంగ్యమనే పేరు ఉంది. వాచ్యార్థం స్ఫురించిన తర్వాత, గంట మోత వెంట సాగే నాదంలా, మరో అర్థం క్రమంగా స్ఫురిస్తుందని ఆలంకారికుల భావన. మూలం ముందు, దాని శేషం తర్వాత అనే ఈ క్రమమే గది ధ్వనిలోనూ కనిపిస్తుంది. అందుచేత ఈ వ్యాసంలో రివర్బ్‌కు అనురణనం అనే మాటనే వాడడం జరిగింది.

ఆధునిక స్టూడియోలలో సాధారణంగా శబ్దాన్ని పీల్చుకునే గోడల మధ్య, మైకుకు దగ్గరగా గొంతును రికార్డు చేస్తారు. అలా వచ్చిన గొంతు స్పష్టంగా ఉంటుంది కాని, ఏ చోటికీ చెందనట్లు పొడిగా ఉంటుంది. దానికి ఒక చోటును కల్పించడం తర్వాతి పని. నేడు హైదరాబాదులో చిన్న గదిలో కూర్చుని పాటను మిశ్రణం చేసేవారు సైతం తమ కంప్యూటరులోని ఒక ప్లగ్-ఇన్ ద్వారా ఆ గొంతును ఐరోపాలోని ఒక కచేరీ మందిరంలో పాడినట్లుగా వినిపించగలుగుతున్నారు. ఈ సౌకర్యం వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

2. అనురణనానికి కొలత – సబైన్:

గది ధ్వనిని అంకెలలో చెప్పవచ్చునని నిరూపించినవాడు అమెరికా భౌతికశాస్త్రవేత్త వాలెస్ క్లెమెంట్ సబైన్. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాటలు అర్థం కాని పరిస్థితి ఏర్పడింది. పలికిన మాట సుమారు ఐదున్నర సెకన్లపాటు గదిలో నిలిచేది. ఒక మాట ముగియకముందే తర్వాతి మాటలు వచ్చి దానిమీద పడేవి. ఈ లోపాన్ని సవరించే బాధ్యత సబైన్‌కు అప్పగించారు.

ఆయన పరికరాలు చాలా సాదావి. ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, సొంత చెవులు. పరిసరాలు నిశ్శబ్దంగా ఉండే రాత్రివేళల్లో, పక్కనున్న శాండర్స్ థియేటరు కుర్చీల మెత్తలు తెచ్చి గదిలో పరుస్తూ, శబ్దం వినిపించకుండా పోవడానికి ఎంతసేపు పడుతోందో కొలిచాడు. గది ఘనపరిమాణం పెరిగితే అనురణన కాలం పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చుకునే ఉపరితలం పెరిగితే అది తగ్గుతుంది అనే సూత్రాన్ని ఈ కొలతల నుంచి రాబట్టాడు. ఉదాహరణకు 20,000 ఘనపు మీటర్ల మందిరంలో 1,600 చదరపు మీటర్లకు సమానమైన శోషణ ఉంటే, సబైన్ సూత్రం ప్రకారం అనురణన కాలం 2 సెకన్లు. శబ్దం 60 డెసిబెల్‌లు తగ్గడానికి, అంటే శక్తిలో పదిలక్షల వంతుకు చేరడానికి పట్టే సమయమే అనురణన కాలమన్న నిర్వచనం తర్వాత స్థిరపడింది. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు నిర్మాణంలో సబైన్ సూత్రం ఉపయోగపడింది.

అయితే ఒక విషయం ఇక్కడ గమనార్హం. సబైన్ కొలత గది గురించి ఒక అంకెను మాత్రమే ఇస్తుంది. ఒకే అనురణన కాలం ఉన్న రెండు మందిరాలు వేర్వేరుగా వినిపించవచ్చు. గద్యానికి పదాల సంఖ్య ఎలాంటిదో గదికి అనురణన కాలం అలాంటిది. అది నిజమే, కాని దాని నుంచి గద్యాన్ని తిరిగి రాయలేము.

3. గదిని సొంతం చేసుకున్న దశ:

రికార్డింగు సంస్థలు తొలుత అనుసరించిన మార్గం సూటిగా ఉండేది. అనురణనం కావాలంటే అనురణించే గది ఉండాలి. గట్టి గోడలున్న ఒక ఖాళీ గదిలో స్పీకరును, మైకును అమర్చి, రికార్డు చేసిన గొంతును స్పీకరు ద్వారా అక్కడ వినిపించేవారు. మైకు అందుకున్న ధ్వనిని మూలానికి కలిపేవారు. వీటికి ఎకో చాంబరులు అని పేరు. 1947లో షికాగోలో బిల్ పుట్నమ్ హార్మోనికాట్స్ బృందం వాయించిన ‘పెగ్ ఓ మై హార్ట్’ రికార్డుకు స్నానాల గదినే ఇలా వాడుకున్నాడు. జనాదరణ పొందిన సంగీతంలో కృత్రిమ అనురణనాన్ని కళాత్మకంగా వాడిన తొలి ఉదాహరణగా దీనిని తరచు పేర్కొంటారు. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకు సొంత ఎకో చాంబరులు ఉండేవి. 1956లో హాలీవుడ్‌లో వెలసిన క్యాపిటల్ టవరుకు భూమి అడుగున ఇలాంటి గదులను నిర్మించారు.

ఈ పద్ధతిలో వినిపించేది నిజమైన గదే. కాని అది కదలని ఆస్తి. దానికి స్థలం, ధనం కావాలి. ఒక స్టూడియోకు ఉన్న గది మరొకదానికి ఉండదు. అదీకాక ఆ గదిని పెద్దదిగానో చిన్నదిగానో మార్చడానికి వీలుండేది కాదు. ఒక సంస్థ రికార్డులకు ప్రత్యేకమైన నాదం ఏర్పడడానికి దాని గదులు కూడా కారణం.

4. గదిని అనుకరించిన దశ:

గది లేకుండా గది ధ్వనిని పుట్టించాలనే ప్రయత్నం యంత్రాలకు దారితీసింది. ఆర్గన్ వాద్యం చర్చిలోని అనురణనంతో కలిసి వినిపించడం పాశ్చాత్య శ్రోతలకు అలవాటు. ఎలక్ట్రానిక్ ఆర్గన్ ఇళ్లలోకి వచ్చేసరికి ఆ అనురణనం లోపించింది. లారెన్స్ హామండ్ తన ఆర్గన్ల కోసం స్ప్రింగుల ద్వారా శబ్దాన్ని పంపి, వాటిలో అటూ ఇటూ మళ్లే కంపనాలను అనురణనంగా వాడాడు. 1960ల ఆరంభంలో ఫెండర్ సంస్థ ఈ స్ప్రింగు పద్ధతిని గిటారు వాద్యకారులకు అందించింది.

స్టూడియోలలో ఎక్కువ ఆదరణ పొందినది లోహఫలకం. వాల్టర్ కూల్ పరిశోధన ఆధారంగా జర్మనీలో 1957లో వచ్చిన ఈఎమ్‌టీ 140 అనే యంత్రంలో సుమారు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకును చట్రానికి వేలాడదీసి బిగించేవారు. రేకుకు అందిన శబ్దం దాని అంచుల వరకు వ్యాపించి మళ్లేది. రేకు దగ్గరగా ఉండే మరో ఫలకాన్ని జరిపి అనురణన కాలాన్ని పెంచడం, తగ్గించడం సాధ్యమైంది. ఎకో చాంబరుతో పోలిస్తే ఇది చిన్నదే కాని, నలుగురు మోయవలసినంత బరువైనది.

మూడో అనుకరణ గణితం ద్వారా జరిగింది. 1960ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో మన్‌ఫ్రెడ్ ష్రోడర్ అంకెల రూపంలోని శబ్దాన్ని ఆలస్యపరచి, తగ్గించి, మళ్లీ దానిలోకే పంపే అమరికలతో అనురణనాన్ని పుట్టించే పద్ధతిని ప్రతిపాదించాడు. సహజంగా వినిపించాలంటే సెకనుకు సుమారు వెయ్యి ప్రతిధ్వనుల సాంద్రత అవసరమని ఆయన భావించాడు. ఈ ఆలోచన స్టూడియో యంత్రంగా మారడానికి పదిహేనేళ్లు పట్టింది. బ్యారీ బ్లెసర్ రూపకల్పనలో భాగస్వామిగా 1976లో ఈఎమ్‌టీ 250 వచ్చింది. డేవిడ్ గ్రీసింగర్ రూపొందించిన లెక్సికన్ 224 1978లో వచ్చింది.

స్ప్రింగు, రేకు, గణితం అనే ఈ మూడూ అనుకరణలే. వాటిలో ఏ ఒక్కటీ ఒక నిర్దిష్టమైన గదిని వినిపించదు. మీటను తిప్పి ‘పెద్ద మందిరం’ అని ఎంచుకున్నప్పుడు వినిపించేది ఏ ఊరిలోనూ లేని మందిరం. కల్పితమైనంత మాత్రాన అది తక్కువది కాదు. 1980ల సంగీతానికి ఆ కల్పితమందిరాలే ముఖ్యమైన గుర్తుగా నిలిచాయి. కాని ‘ఈ గది ఎలా మోగుతుంది?’ అనే ప్రశ్నకు వాటి వద్ద సమాధానం లేదు.

5. గదిని నమోదు చేసిన దశ:

5.1. సూత్రం:

గోల్కొండ కోటలో ఫతే దర్వాజా కమాను కింద నిలబడి చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరంలో కొండపైనున్న బాలాహిస్సారులో అది వినిపిస్తుంది. కోటను చూపించేవారు ప్రతిరోజూ చేసే ఈ ప్రదర్శనలో ఒక శాస్త్రసూత్రం ఇమిడి ఉంది. చప్పట్ల వంటి అతిస్వల్పకాలపు శబ్దానికి తనదైన రాగం, వ్యవధి దాదాపుగా ఉండవు. కనుక అది వినిపించే తీరంతా ఆ కట్టడం గుణమే. ఒక క్షణికమైన ఆఘాతానికి గది ఇచ్చే పూర్తి జవాబును ఇంజినీర్లు ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. దీనిని ఈ వ్యాసంలో ‘గది స్పందన’ అని వ్యవహరించడం జరిగింది.

గది స్పందన తెలిస్తే, ఆ గదిలో ఏ శబ్దం ఎలా వినిపిస్తుందో లెక్కించవచ్చు. కోనేటిలో ఒక చినుకు పడితే అలలు వలయాలుగా విస్తరిస్తాయి. వాన కురిసినప్పుడు ప్రతి చినుకూ తన వలయాలను తాను పుట్టిస్తుంది. పెద్ద చినుకు పెద్ద వలయాలను, చిన్న చినుకు చిన్న వలయాలను పుట్టిస్తుంది, వాటి తీరు మాత్రం ఒకటే. కోనేటి ఉపరితలం ఏ క్షణంలోనైనా ఆ వలయాలన్నింటి మొత్తమే. పాట కూడా అలాంటి క్షణిక ఆఘాతాల వాన. ప్రతి ఆఘాతానికీ గది స్పందనను తగిన పరిమాణంలో జోడించి, అన్నింటినీ కూడితే ఆ గదిలో పాడిన పాట వస్తుంది. ఈ కూడికే కన్వల్యూషన్.

5.2. లెక్క భారం:

సూత్రం సరళమైనదే అయినా, దానిని ఆచరణలో పెట్టడం చాలాకాలం సాధ్యం కాలేదు. డిజిటల్ ధ్వనిలో సెకనుకు 48,000 నమూనాలు ఉన్నాయనుకుంటే, 3 సెకన్ల గది స్పందనలో 1,44,000 నమూనాలు ఉంటాయి. పాటలోని ప్రతి నమూనాకూ వాటన్నింటినీ గుణించాలి. అంటే ఒక్క సెకను పాటకు 691 కోట్లకు పైగా గుణకారాలు అవసరమవుతాయి. ఇది ఒక చానెల్‌కు మాత్రమే.

ఈ భారాన్ని తగ్గించిన మార్గం 1965, 1966 సంవత్సరాలలో తెరుచుకుంది. శబ్దాన్ని పౌనఃపున్యాలుగా వేగంగా విడదీసే గణనవిధానాన్ని 1965లో కూలీ, ట్యూకీ ప్రకటించారు. పౌనఃపున్యాల రూపంలో కన్వల్యూషన్ సాధారణ గుణకారంగా మారుతుందనే విషయాన్ని ఆధారం చేసుకుని, పెద్ద కన్వల్యూషన్‌ను వేగంగా చేసే పద్ధతిని 1966లో థామస్ స్టాక్‌హామ్ వివరించాడు. అయితే ఈ పద్ధతిలో శబ్దాన్ని పెద్ద ఖండాలుగా పోగుచేసిన తర్వాతే లెక్క మొదలవుతుంది. అందువల్ల ఆలస్యం తప్పదు. గాయకుడు నోరు తెరిచిన సెకను తర్వాత గది స్పందిస్తే అది గది అనిపించదు. 1995లో విలియం గార్డ్‌నర్ గది స్పందనను మొదట చిన్న ఖండాలుగా, తర్వాత క్రమంగా పెద్ద ఖండాలుగా విభజించి, ఆలస్యం లేకుండా కన్వల్యూషన్ చేసే మార్గాన్ని ప్రచురించాడు. ఆస్ట్రేలియాకు చెందిన లేక్ సంస్థ కూడా 1990లలో ఇదే దిశలో పనిచేసింది.

5.3. యంత్రం నుంచి ప్లగ్-ఇన్ వరకు:

1999లో సోనీ సంస్థ డీఆర్ఈ-ఎస్777 అనే యంత్రాన్ని ప్రకటించింది. నిజమైన మందిరాలలో నమోదైన స్పందనలను డిస్కుల నుంచి చదివి, తక్షణమే గొంతుకు జోడించడం దాని ప్రత్యేకత. ఆ మరుసటి ఏడాదే యమహా ఎస్ఆర్ఈవీ1 వచ్చింది. ఇవి ఖరీదైన యంత్రాలు. 2001లో నెదర్లాండ్స్‌కు చెందిన ఆడియో ఈజ్ సంస్థ ఆల్టీవెర్బ్ అనే ప్లగ్-ఇన్‌ను విడుదల చేయడంతో ఇదే పని సాధారణ కంప్యూటరులోకి వచ్చింది. ఆ దశాబ్దంలోనే కన్వల్యూషన్ రివర్బ్ అనేక సంగీత సాఫ్ట్‌వేర్లలో అంతర్భాగంగా మారింది.

స్పందనను సేకరించే పద్ధతి కూడా ఇదేకాలంలో మెరుగుపడింది. బెలూను పగలగొట్టడం, ఆటల పోటీలలో వాడే తుపాకి పేల్చడం పాత పద్ధతులు. వాటి శక్తి అన్ని స్థాయిలలో సమానంగా ఉండదు. పైగా రెండుసార్లు పేల్చితే రెండు రకాలుగా పేలుతాయి. 2000లో ఇటలీకి చెందిన అంజెలో ఫరీనా ప్రతిపాదించిన పద్ధతిలో, మంద్రం నుంచి తారానికి నిరంతరంగా జారే ఒకే స్వరాన్ని స్పీకరు ద్వారా గదిలో వినిపిస్తారు. రికార్డైన ధ్వనిని లెక్కద్వారా కుదించి గది స్పందనను రాబడతారు. ఈ పద్ధతిలో స్పీకరు కలిగించే వక్రీకరణ, గది స్పందన నుంచి విడిపోయి ముందుభాగానికి జరుగుతుంది. పొల్లు వేరై గింజ మిగిలినట్లు, గది స్పందన విడిగా మిగులుతుంది.

6. కాలిపోయిన గది – లా ఫెనీచె:

గది ధ్వనిని నమోదు చేయడం సంగీత నిర్మాణ సౌకర్యం మాత్రమే కాదని 1996లో వెనిస్‌లో తేలింది. అక్కడి లా ఫెనీచె ఒపేరా మందిరం 1792లో ప్రారంభమైంది. 1836లో ఒకసారి కాలిపోయి పునర్నిర్మాణమైంది. 1996 జనవరి 29న మళ్లీ కాలిపోయింది. అంతకు సుమారు రెండు నెలల ముందు లాంబెర్టో ట్రోంకిన్, అంజెలో ఫరీనా ఆ మందిరంలో గది స్పందనలను సేకరించారు. ఆ కొలతల వివరాలను 1997లో ప్రచురించారు.

కట్టడం కాలిపోయినా దాని పటాలు, ఛాయాచిత్రాలు మిగులుతాయి. వాటిని చూసి స్తంభాన్ని, తాపడాన్ని తిరిగి చెక్కవచ్చు. కాని ధ్వనికి ఛాయాచిత్రం లేదు. ఆ కొలతలే లేకుంటే, పాత లా ఫెనీచె ఎలా మోగేదో చెప్పడానికి అక్కడ పాడినవారి, విన్నవారి జ్ఞాపకాలు, అక్కడ జరిగిన కచేరీల రికార్డులు మాత్రమే మిగిలేవి. 2003 డిసెంబరులో పునఃప్రారంభమైన మందిరాన్ని పాతదానితో పోల్చడానికి ఒక ప్రమాణం ఉండడం ఆ కొద్దిపాటి పనివల్లనే సాధ్యమైంది.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చి పైకప్పు కాలిపోయినప్పుడు ఇదే అనుభవం పునరావృతమైంది. అగ్నిప్రమాదానికి ముందే బ్రయన్ కాట్జ్ బృందం అక్కడి ధ్వనిని కొలిచి ఉంది. ప్రమాదం తర్వాత జరిపిన కొలతలతో వాటిని పోల్చి, అనురణన కాలం తగ్గినట్లు నిర్ధారించగలిగారు. ఈ రెండు సందర్భాలలోనూ కొలతలు ముందుగా ఉండడం గమనించవలసిన విషయం. గది స్పందనను గది ఉన్నప్పుడే తీయాలి.

7. పాడరాని గది – హగియా సోఫియా:

కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, క్రీ.శ. 532–537 మధ్య జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన హగియా సోఫియా చరిత్ర మరో సమస్యను ముందుకు తెస్తుంది. తొమ్మిది శతాబ్దాలకు పైగా అది చర్చిగా ఉంది. 1453లో మసీదుగా మారింది. 20వ శతాబ్దంలో మ్యూజియమైంది. 2020లో తిరిగి మసీదైంది. కట్టడం నిలిచే ఉంది కాని, దానికోసం రూపొందిన బైజాంటైన్ స్తోత్రగానం అక్కడ వినిపించే వీలు లేదు. గది ఉన్నా, పాటకు ప్రవేశం లేదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్రకారిణి బిసెరా పెంచెవా, ధ్వనిశాస్త్రవేత్త జొనాథన్ ఏబెల్ చేపట్టిన ‘ఐకన్స్ ఆఫ్ సౌండ్’ ప్రాజెక్టు దీనికి ఒక మార్గాన్ని కనుగొంది. హగియా సోఫియా మ్యూజియంగా ఉన్న కాలంలో అక్కడ పగలగొట్టిన కొన్ని బెలూన్ల చప్పుడును రికార్డు చేసి, వాటినుంచి గది స్పందనను అంచనా వేశారు. ఆ కట్టడంలో అనురణనం పది సెకన్లకు పైగా నిలుస్తుంది. కప్పెల్లా రొమానా గాయకబృందం 2013లో స్టాన్‌ఫర్డ్‌లోని బింగ్ కచేరీ మందిరంలో ఆ స్పందనతో కలిపి స్తోత్రాలను వినిపించింది. ఆ కృషి ఫలితమైన ఆల్బమ్ 2019లో విడుదలైంది.

ఈ ప్రాజెక్టులో సంగీత నిర్మాతలకు ఉపయోగపడే పాఠం ఒకటి ఉంది. గొంతులను పొడిగా రికార్డు చేసి చివర గదిని జోడించడంతో వారు సరిపెట్టుకోలేదు. పాడుతున్న సమయంలోనే గాయకులకు హగియా సోఫియా స్పందన వినిపించే ఏర్పాటు చేశారు. పది సెకన్ల అనురణనంలో వేగంగా పాడితే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ గదిని వింటూ పాడే గాయకుడు సహజంగానే నడకను మారుస్తాడు, పదాల మధ్య విరామాన్ని గమనిస్తాడు, ఆధారశ్రుతిని గది నిలిపే తీరుకు తగినట్లు పట్టి ఉంచుతాడు. అంటే గది పాటకు చివర అద్దే రంగు కాదు. పాట నిర్మాణంలోనే అది భాగస్వామి.

8. ప్రతికి ఉన్న పరిమితులు:

పై ఉదాహరణలను బట్టి గది స్పందనను ఒక లిఖితప్రతితో పోల్చవచ్చు. తాళపత్రప్రతి కావ్యాన్ని భద్రపరుస్తుంది. అయినా అది ఒక లేఖకుడు ఒక సమయంలో రాసుకున్న పాఠం మాత్రమే. గది స్పందన విషయంలోనూ అంతే. దాని పరిమితులను ఇలా గుర్తించవచ్చు.

ఒకటి, స్థానం. ప్రతి స్పందనా ఒక శబ్దస్థానం నుంచి ఒక శ్రవణస్థానానికి సంబంధించినది. వేదికమీద స్పీకరును నాలుగడుగులు జరిపితే స్పందన మారుతుంది. ఒక మందిరానికి ఒకే స్పందన అంటూ ఉండదు. ప్లగ్-ఇన్‌లో గాయకుడికి, తబలాకు, వయొలిన్‌లకు ఒకే స్పందనను వాడినప్పుడు అందరూ ఒకేచోట నిలబడి వాయిస్తున్న అసహజస్థితి ఏర్పడుతుంది. వేర్వేరు స్థానాలలో తీసిన స్పందనలను వేర్వేరు వాద్యాలకు కేటాయించడం దీనికి పరిష్కారం.

రెండు, సందర్భం. స్పందనలను సాధారణంగా ఖాళీ మందిరంలో తీస్తారు. శ్రోతల శరీరాలు, దుస్తులు శబ్దాన్ని పీల్చుకుంటాయి కనుక కచేరీ జరిగే మందిరం ఖాళీ మందిరంలా మోగదు. సబైన్ మెత్తలతో నిరూపించినది ఈ విషయమే. జనంలేని మందిరం స్పందనను వాడి నిజమైన కచేరీ అనుభూతిని కోరడంలో ఒక వైరుధ్యం ఉంది.

మూడు, చలనం. గది కాలంతోపాటు మారదని కన్వల్యూషన్ లెక్క భావిస్తుంది. నిజమైన గదిలో గాలి కదులుతుంది, వేడిమి మారుతుంది, గాయకుడు తల తిప్పుతాడు. గణిత అనుకరణ యంత్రాలు ఇలాంటి సూక్ష్మచలనాన్ని కల్పించగలవు, అసలుగదికి ప్రతియైన కన్వల్యూషన్ మాత్రం నిశ్చలంగా ఉంటుంది. నేటికీ చాలామంది ఇంజినీర్లు రెండు పద్ధతులనూ కలిపి వాడడానికి ఇదొక కారణం.

నాలుగు, సవరణ. పాటకు అనురణనం ఎక్కువైందని ప్లగ్-ఇన్‌లో స్పందన చివరిభాగాన్ని కత్తిరించడం, ఆరంభాన్ని జరపడం మామూలే. సంగీతదృష్టితో అది సబబే. అలా సవరించాక అది ఆ మందిరం ధ్వనిగా మిగలదు, దాని పాఠాంతరం అవుతుంది. మందిరం పేరుతో పంచుకునే స్పందనలకు ఏ స్థానంలో, ఏ పద్ధతిలో, ఏ సవరణలతో తీశారనే గద్య కూడా జతగా ఉండాలి. అది లేని స్పందన, లేఖకుడి పేరు, కాలం తెలియని ప్రతివంటిది.

9. వెనుకకు నడవడం సాధ్యమా?

గది లేకుండాపోయి, స్పందన కూడా మిగలనప్పుడు అక్కడ రికార్డైన పాటల నుంచి గదిని రాబట్టవచ్చా అనే ప్రశ్న సహజంగా కలుగుతుంది. ఇది తెలుగువారికి దగ్గరి ప్రశ్న. తెలుగు సినిమా పాట దశాబ్దాలపాటు మద్రాసు స్టూడియోలలో తయారైంది. గాయకులు, వాద్యబృందం ఒకే సమయంలో పాడి, వాయించి, ఒకేసారి ముద్రించిన పాటలలో గొంతుతోపాటు ఆ గదులు కూడా ముద్రితమయ్యాయి. వడపళనిలోని విజయా–వాహినీ స్టూడియో ఉన్న స్థలంలో నేడు ఆసుపత్రి, వాణిజ్య సముదాయం ఉన్నాయి. ఆ గోడల మధ్య మోగిన ధ్వనికి నేడు పాటే సాక్షి.

కన్వల్యూషన్‌ను వేగవంతం చేసిన స్టాక్‌హామే ఈ వెనుకదారినీ ప్రయత్నించాడు. విద్యుత్ మైకు రాకముందు ఎన్రికో కరూసో పాటలను లోహపు కొమ్ము ద్వారా రికార్డు చేసేవారు. ఆ కొమ్ము తన సొంత నాదాన్ని గొంతుకు అంటగట్టేది. అదే పాటను ఆధునిక పరికరాలతో రికార్డు చేసిన మరో గాయకుడి ధ్వనితో సగటున పోల్చి, కొమ్ము గుణాన్ని అంచనా వేసి, స్టాక్‌హామ్ దానిని కరూసో గొంతు నుంచి తొలగించాడు. ఆ రికార్డులు 1976లో విడుదలయ్యాయి. కాని కొమ్ము కలిగించేది ప్రధానంగా స్వరఛాయలో మార్పు. గది కలిగించేది సెకన్లపాటు సాగే శేషం. గొంతు, గది రెండూ తెలియనప్పుడు కలిసిన ధ్వనిని ఏ విధంగా విడదీసినా అనేక సమాధానాలు వస్తాయి. రెండు సంఖ్యల లబ్ధం మాత్రమే తెలిసినప్పుడు ఆ రెండు సంఖ్యలను కచ్చితంగా చెప్పలేకపోవడం వంటిదే ఇది. పైగా పాత సినిమా పాటలలో కృత్రిమంగా కలిపిన ప్రతిధ్వని కూడా ఉండవచ్చు. అందుచేత పాట నుంచి గదిని ఊహించవచ్చు గాని, స్థాపించలేము.

10. ముగింపు:

కృత్రిమ అనురణన చరిత్ర గదిని సొంతం చేసుకోవడంతో మొదలై, అనుకరించడం మీదుగా నమోదు చేయడం వరకు సాగింది. ఈ మూడింటిలో ఏదీ తర్వాతిదానితో అంతరించలేదు. రేకు ధ్వని, స్ప్రింగు ధ్వని సైతం నేడు కన్వల్యూషన్ ద్వారానే భద్రమవుతున్నాయి. ఒకనాటి అనుకరణలు నేడు నమోదుకు అర్హమైన మూలాలయ్యాయి.

కన్వల్యూషన్ రివర్బ్ పాటకు నమ్మదగిన చోటును ఇచ్చే సాధనంగా మొదలై, చోటును భద్రపరచే సాధనంగా కూడా మారింది. లా ఫెనీచె విషయంలో రెండు నెలల వ్యవధి ఒక మందిరం ధ్వనిని కాపాడింది. దానికి కావలసింది ఒక స్పీకరు, ఒక మైకు, కొన్ని నిమిషాల నిశ్శబ్దం, తీసిన విధానాన్ని రాసిపెట్టే ఓపిక. తెలుగునాట పాతబడిన నాటకశాలలు, మూతపడిన థియేటర్లు, హరికథలు, కచేరీలు నడిచిన మండపాలు ఎన్నో ఉన్నాయి. వాటి శిల్పానికి, శాసనాలకు పరిశోధకులు ప్రతులు తీశారు. వాటి ధ్వనికి ప్రతులు తీసే పని అవి నిలిచి ఉన్నంతకాలమే సాధ్యం. గోడ కూలిన తర్వాత పటం ఆధారంగా గోడను కట్టవచ్చు, పాత గోడ పాటకు ఇచ్చిన జవాబును మాత్రం అది నిలబడి ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.